మరక ఎవరిది? కడిగేది ఎవరు?

(బి.ఎస్సీ. మూడవ సంవత్సరం విద్యార్థి)

ఈ సంచికలో దేశ భవిష్యత్తు మీద, నిరుద్యోగం మీద, యువత కర్తవ్యం మీద రాసే మిత్రులు చాలామందే ఉంటారు. ఉండాలి కూడా. నేను మాత్రం చొక్కా మీద ఎండిపోయిన పెయింటు మరక గురించి రాస్తున్నాను. "ఇదేం విషయమయ్యా, సావనీరులో రాయడానికి?" అని నవ్వేవాళ్లు నవ్వొచ్చు. కాని నవ్వే ముందు హాస్టలు వెనక బట్టలారేసే తీగల దాకా ఒక్కసారి వెళ్లి రండి. ఎన్ని చొక్కాల చేతుల మీద, ఎన్ని ప్యాంట్ల మోకాళ్ల మీద తెల్లవి, ఎర్రవి, నీలంవి మరకలున్నాయో లెక్కపెట్టి రండి. అవి మూడేళ్లుగా రసాయనశాస్త్రం చదువుతున్నవాళ్ల బట్టలు!

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎండిన రంగు మరకను తీయడం బండ బలంతో అయ్యే పని కాదు, తెలివితో అయ్యే పని. ఆ తెలివి మనం క్లాసులో చదువుకున్నదే. చదువుకున్నది చొక్కా దాకా రాకపోతే ఆ చదువు పరీక్ష పేపరు దగ్గరే ఆగిపోయిందని అర్థం. ఇంకో మాట కూడా ఉంది. మరక చేసుకున్నవాడు ఒకడు, దాన్ని తీయలేదని మాటపడేవాడు ఇంకొకడు కాకూడదు. ఈ రెండు మాటలూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయని నా నమ్మకం.

మన దగ్గర రంగు పని ఎప్పుడు ఉండదు? ఆగస్టు 15 వస్తే గేటుకు రంగు. వార్షికోత్సవమొస్తే స్టేజీకి రంగు. సంఘాల వాళ్ల గోడరాతలు సరేసరి. ఊళ్లో అయితే సంక్రాంతికి ఇంటికి సున్నం, కనుమకు ఎడ్ల కొమ్ములకు రంగు, ట్రాలీకి రంగు. పని చేసేటప్పుడు ఉత్సాహంలో ఎవడికీ చొక్కా గుర్తుండదు. పని అయ్యాక భోజనం, ఆ తరువాత నిద్ర. మరుసటి రోజు చూసుకుంటే రంగు రాయిలా గట్టిపడి ఉంటుంది. మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెత పిల్లల పెంపకానికే కాదు, పెయింటుకీ వర్తిస్తుంది.

అప్పుడు ఆ బట్టలు ఎవరి దగ్గరకి పోతాయి? ఇంటి దగ్గరైతే అమ్మ దగ్గరికి. హాస్టల్లో అయితే బట్టలుతికే తాత దగ్గరికి. మా హాస్టల్లో ఒకసారి గోడలకు రంగులు వేసిన వారంలో జరిగింది చెబుతాను. మూటలో వచ్చిన బట్టల్లో పదికి పైగా ఎనామిల్ మరకలవి. తాత వాటిని విడిగా తీసి పెట్టి, "సారూ, ఇవి సబ్బుకు పొయ్యే మరకలు గావు. గట్టిగ రుద్దితే గుడ్డ పోతది గాని రంగు పోదు. ముందే చెప్తున్న" అన్నాడు. ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. అయినా ఆ నెలాఖరున ఇద్దరు ముగ్గురు మరక పోలేదని ఆయన డబ్బుల్లో కోత పెట్టారు. ఆ కోత పెట్టినవాళ్లలో పాలిమర్ల పాఠం విన్నవాళ్లూ ఉన్నారు. తాత ఏ కాలేజీలోనూ చదువుకోలేదు. ఆ రోజు సైన్సు మాట్లాడినవాడు మాత్రం ఆయనే.

ఇక విషయానికొద్దాం. మరక తీయాలంటే ముందు ఆ మరకేమిటో తెలియాలి. జ్వరం ఏదో తెలియకుండా మాత్ర వేసినట్టు, కనబడ్డ ప్రతి మరక మీదా కిరోసిన్ పోస్తే లాభం లేదు. ఏ పెయింటులోనైనా ముఖ్యంగా మూడు ఉంటాయి: రంగునిచ్చే పొడి, ఆ పొడిని గోడకు పట్టించే జిగురు, రెండింటినీ పలచగా ఉంచే ద్రవం. రంగు ఆరడం అంటే ద్రవం ఆవిరైపోవడమే అనుకుంటాం. అది సగం నిజం. అన్ని రంగులూ ఒకేలా ఆరవు. ఎలా ఆరిందో తెలిస్తే ఎలా తీయాలో తెలిసినట్టే.

మొదటిది సున్నం. తడిసున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని కాల్షియం కార్బనేటుగా, అంటే సుద్దగా మారుతుంది. గుడ్డ మీద ఆరిన సున్నం మరకంటే సన్నటి సుద్ద పొర. దీన్ని సబ్బుతో ఎంత రుద్దినా దండగే. ముందు పొడిగా దులిపి, నిమ్మరసమో, వెనిగరో, చింతపండు పులుసో పట్టించాలి. చిన్న బుడగలు వస్తాయి. ప్రాక్టికల్సులో కార్బనేటు లవణానికి ఆమ్లం కలిపితే వచ్చే బుడగలే అవి. మార్కుల కోసం పరీక్షనాళికలో చూసిందాన్నే చొక్కా మీద చూస్తున్నామన్నమాట. తరువాత నీళ్లతో బాగా జాడించాలి, ఎందుకంటే పులుపు గుడ్డలో మిగిలితే నూలుకు మంచిది కాదు.

రెండవది గోడలకు వేసే ఎమల్షన్. ఇందులో కంటికి కనబడనంత చిన్న ప్లాస్టిక్ లాంటి రేణువులు నీళ్లలో తేలుతుంటాయి. నీళ్లు ఆవిరైపోగానే అవి ఒకదానికొకటి అతుక్కుని పొర కడతాయి. తడిగా ఉన్నప్పుడు నీళ్లకే పోయే ఈ రంగు, ఆరాక నీళ్లకు లొంగదు. స్పిరిటు మాత్రం దాన్ని మెత్తబరుస్తుంది. మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, లేదంటే చేతులకు రాసుకునే శానిటైజర్ చాలు. పట్టించి పది నిమిషాలాగి, పాత టూత్‌బ్రష్షుతో నెమ్మదిగా తోమితే పొర పెచ్చులుగా లేస్తుంది. ఒక్కసారికి పోదు. మూడు నాలుగుసార్లు చేయాలి.

మూడవది చెక్క సామానుకు కొట్టే లాకరు, ఆడపిల్లలు వేసుకునే గోళ్ల రంగు లాంటివి. ఇవి నిజంగానే ద్రవం ఆవిరై ఆరేవి. రసాయనికంగా మార్పేమీ ఉండదు. అందుకే అదే రకం ద్రవం మళ్లీ పోస్తే మళ్లీ కరుగుతాయి. గోళ్ల రంగును అసిటోను తీసేది ఈ లెక్కనే. కాని జాగ్రత్త! అసిటేట్ రకం గుడ్డను అసిటోను కరిగించేస్తుంది. మెరిసే లైనింగు గుడ్డల్లో ఈ రకం ఉంటుంది. మరకతోపాటు గుడ్డ కూడా పోయి, అక్కడ చిల్లు మిగులుతుంది.

నాలుగవది ఎనామిల్, అంటే మనం ఆయిల్ పెయింటనేది. గేట్లు, కిటికీ ఊచలు, ట్రాలీలు, ఎడ్ల కొమ్ములు అన్నింటికీ ఇదే. అన్నింటికన్నా మొండిది కూడా ఇదే. దీని సంగతి కొంచెం విడమరిచి చెప్పుకోవాలి, ఎందుకంటే అసలు సైన్సంతా ఇక్కడే ఉంది.

మనం తలకు రాసుకునే కొబ్బరినూనె ఒక పలక మీద పూసి వదిలేయండి. నెల తరువాత చూసినా జిడ్డుగానే ఉంటుంది. అదే అవిసె నూనె పూస్తే కొన్నాళ్లకు గట్టి పొర కడుతుంది. రెండూ నూనెలే, మరి తేడా ఎక్కడుంది? ద్విబంధాల్లో ఉంది. అయొడిన్ విలువ అని ప్రాక్టికల్సులో చేస్తాం కదా. 100 గ్రాముల నూనె ఎన్ని గ్రాముల అయొడిన్‌ను పట్టుకుంటుందో ఆ అంకె చెబుతుంది. కొబ్బరినూనెకు అది సుమారు 10 లోపే. వేరుశనగ నూనెకు 90కి అటూ ఇటూ. అవిసె నూనెకు 170 నుంచి 200 దాకా. ద్విబంధాలు ఎక్కువ ఉన్న నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని, ఒక అణువుకొకటి చేతులు పట్టుకున్నట్టు కలిసిపోయి, వలలాగా అల్లుకుంటుంది. ఒకసారి ఆ వల అల్లుకున్నాక మళ్లీ విడివిడి నూనె కాదు. ఎనామిల్ ఆరడమంటే ఇదే. ఆరడం తొందరగా కావాలని కోబాల్టు లాంటి లోహాల లవణాలు కూడా కొద్దిగా కలుపుతారు.

నమ్మకం కలగకపోతే వంటింట్లోకి పోయి నూనె డబ్బా మూత చుట్టూ చూడండి. గోధుమరంగు బంక కట్టి ఉంటుంది. అమ్మ దాన్ని సోడాతోనో, బూడిదతోనో తోముతుంటుంది. మూత మీద ఎనామిల్ తయారవుతున్నదని ఆమెకు ఎవరూ చెప్పలేదు, కాని దానికి క్షారం కావాలని మాత్రం ఆమెకు తెలుసు. మా పాలమూరు మెట్ట పొలాల్లో పండే ఆముదం కూడా ఈ కథలో ఉంది. మామూలుగా ఆముదం ఆరని నూనె. కాని దాని అణువులోంచి నీటిని తొలగిస్తే కొత్త ద్విబంధం ఏర్పడి, అది ఆరే నూనెగా మారి రంగుల పరిశ్రమకు పనికొస్తుంది. ఆముదాలు కొట్టిన చేతులకు ఈ సంగతి తెలియదు. ఈ సంగతి చదివిన మనలో ఎంతమందికి ఆముదం చెట్టు తెలుసో మనమే చెప్పుకోవాలి.

సరే, ఆరిన ఎనామిల్ మరకను ఏం చేయాలి? వల అల్లుకుపోయింది కాబట్టి పూర్తిగా కరిగించడం కుదరదు. కాని ఉబ్బించి, మెత్తబరిచి, గుడ్డ మీద పట్టు వదిలించవచ్చు. ముందు మొండి కత్తి అంచుతోనో, చెంచా అంచుతోనో పైపొరను గీకాలి. ఎంత గీకితే పని అంత తగ్గుతుంది. చొక్కా లోపలి మడతలో ఒక చుక్క టర్పెంటైన్ వేసి, గుడ్డ రంగు దిగుతుందేమో చూసుకోవాలి. తరువాత మరక కింద పాతగుడ్డ మడిచి పెట్టి, టర్పెంటైన్‌లో తడిపిన దూదితో అద్దాలి. రుద్దకూడదు, అద్దాలి! అంచుల నుంచి నడిమికి రావాలి. నడిమి నుంచి అంచులకు పోతే రూపాయి బిళ్లంత మరక పూరీ అంతవుతుంది. అరగంట నానాక మళ్లీ గీకాలి, కింది గుడ్డ మార్చి మళ్లీ అద్దాలి. చివరికి గిన్నెలు తోమే ద్రవమో, బట్టల సబ్బో పెట్టి టర్పెంటైన్ జిడ్డు పోయేలా ఉతకాలి. మరక పూర్తిగా పోయిందని నిర్ధారణ అయ్యేదాకా ఇస్త్రీ పెట్టకూడదు. వేడికి మిగిలిన రంగు ఇంకా గట్టిపడుతుంది.

అప్పటికీ పోకపోతే, అది తెల్లటి నూలు గుడ్డ అయితే, ఇంకో దారి ఉంది. వాషింగ్ సోడా వేసిన వేడినీళ్లు. ఆయిల్ పెయింటు వలలో ఉన్న ఎస్టరు బంధాలను క్షారం నెమ్మదిగా తెంపుతుంది. నూనె సబ్బుగా మారే చర్య అని మనం చదువుకున్నదే. నూలు క్షారానికి తట్టుకుంటుంది. పట్టు, ఉన్ని మాంసకృత్తులు కాబట్టి తట్టుకోలేవు.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. పూర్వం మన ఊళ్లలో చాకలివాళ్లు చేసింది ఇదే కదా! చవుడు నేలల నుంచి తెల్లటి చవుడు ఎత్తుకొచ్చి, నీళ్లలో కలిపి, అందులో బట్టలు ముంచి, ఉబ్బ వేసి ఆవిరికి ఉడికించేవాళ్లు. ఆ చవుడులో ఉన్నది ముఖ్యంగా సోడియం కార్బనేటే. ఏ గుడ్డ ఉబ్బలో వేయొచ్చో, ఏది వేయకూడదో, పట్టుచీరకు కుంకుడురసమే ఎందుకు వాడాలో వాళ్లకు తెలుసు. వేల బట్టలు చేతుల మీదుగా పోతే వచ్చిన జ్ఞానం అది. దానికి మనం పెట్టిన పేరు "కులవృత్తి". అదే సంగతి ఇంగ్లీషు పుస్తకంలో అచ్చయితే దానికి పెట్టిన పేరు "టెక్స్‌టైల్ కెమిస్ట్రీ". 2024లో హైదరాబాదు కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి వీరనారి చాకలి ఐలమ్మ పేరు పెట్టుకున్నాం. చాలా సంతోషం. భూమి కోసం నిలబడ్డ ఆ తల్లి పేరు విశ్వవిద్యాలయం గేటు మీద ఉండవలసిందే. కాని ఆమె కులం చేసిన పనిలోని జ్ఞానం గేటు దాటి సిలబస్‌లోకి ఎప్పుడు వస్తుంది? పేరు పెట్టడం తేలికే. తాతకు మర్యాద ఇవ్వడమే కష్టంగా ఉన్నట్టుంది.

"ఇంత తతంగం ఎందుకు, కొత్త చొక్కా కొంటే పోలా?" అనే మిత్రులున్నారు. రైతు బిడ్డగా దీనికి నేను జవాబు చెప్పాలి. పత్తి మిల్లులో ఆడిస్తే గింజ పోను దూది వచ్చేది సుమారు మూడో వంతు. పావుకిలో తూగే నూలు చొక్కాకు ముప్పావు కిలో దాకా పత్తి కావాలి. కాయకు నాలుగైదు గ్రాముల చొప్పున వేసుకున్నా 150 కాయలకు తక్కువ కాదు. ఆ కాయలను ఒక్కొక్కటిగా ఎండలో వంగి తీసిన చేతులున్నాయి. ఆ తరువాత వడికినవాళ్లు, నేసినవాళ్లు, కుట్టినవాళ్లున్నారు. బిళ్లంత మరక కోసం ఇంతమంది కష్టాన్ని చెత్తకుప్పలో వేయడం ఏం న్యాయం? పైగా అందరికీ కొత్త చొక్కా కొనే తాహతు ఉండదు. ఇంటర్వ్యూకు వేసుకుపోవడానికి ఉన్న ఒక్క మంచి చొక్కా మీద మరక పడితే, అది చిన్న విషయం అనగలిగేది బీరువా నిండా బట్టలున్నవాడే.

అయితే చొక్కా కంటే విలువైనది ప్రాణం. మరక తీసే పనిలో మనవాళ్లు చేసే అతి ప్రమాదకరమైన పని పెట్రోలు వాడటం. బండిలోంచి సీసాలోకి పట్టి, హాస్టలు గదిలో తలుపేసుకుని చొక్కా రుద్దేవాళ్లను చూస్తుంటాం. పక్కనే కరెంటు స్టవ్వు, ఇంకో పక్క ఎవడో వెలిగించిన సిగరెట్టు! కిరోసిన్ నుంచి నిప్పంటుకునేంత ఆవిరి రావాలంటే 35 డిగ్రీల సెల్సియస్, ఆ పైన వేడి కావాలి. పెట్రోలుకు సున్నాకు దిగువన 40 డిగ్రీల చలిలో కూడా ఆ ఆవిరి వస్తుంది. పైగా ఆ ఆవిరి గాలి కంటే బరువు. నేల మీద పాకుకుంటూ దూరంగా ఉన్న నిప్పును వెతుక్కుంటూ పోతుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభమేమిటి? మరక కోసం పెట్రోలు వద్దే వద్దు. టర్పెంటైన్, థిన్నరు, స్పిరిటు, అసిటోను ఏది వాడినా ఆరుబయట, గాలి ఆడేచోట, నిప్పుకు దూరంగా వాడాలి. వీటితో తడిసిన బట్టను తిన్నగా వాషింగ్ మెషిన్లో వేయకూడదు. ముందు ఆరుబయట ఆరబెట్టి, చేత్తో ఉతకాలి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. అవిసె నూనె, ఆయిల్ పెయింటు తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే, నిప్పు లేకుండానే అంటుకోగలవు. నూనె ఆక్సిజన్‌ను పీల్చుకునేటప్పుడు వేడి పుడుతుంది. పరిచిన గుడ్డలోంచి ఆ వేడి గాలిలోకి పోతుంది. ఉండచుట్టిన గుడ్డలో లోపలే చిక్కుకుని పెరుగుతూ పోతుంది. రైతుల పిల్లలకు ఇది వింతగా ఉండదు. పచ్చిగడ్డి వామి వేస్తే లోపల ఉడికిపోయి, ఒక్కోసారి తగలబడుతుందని మనకు చిన్నప్పటినుంచీ తెలుసు. వామి లోపల మొదట వేడిని పుట్టించేది సూక్ష్మజీవులు, గుడ్డలో అయితే నూనె. పుట్టిన వేడి బయటికి పోలేకపోవడం మాత్రం రెండింటిలోనూ ఒకటే. కాబట్టి ఆ గుడ్డలను విప్పి, ఆరుబయట పరిచి ఆరబెట్టాకే పారేయాలి.

వాడిన టర్పెంటైన్‌ను కాలువలోకి, చెరువులోకి వంచేయడం కూడా మానుకోవాలి. బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఇంగ్లాండులోని క్లాఫాం చెరువులో చెంచాడు నూనె పోస్తే, అది పరుచుకుంటూ పోయి దాదాపు అరెకరం నీటిని కప్పిందని 1774లో అచ్చయిన తన వ్యాసంలో రాశాడు. మన లెక్కలో 20 గుంటలు! చెంచాడు నూనెకే అంత అయితే, సీసాడు టర్పెంటైన్ సంగతేమిటి? గీకిన పాత రంగు పెచ్చుల విషయంలో కూడా జాగ్రత్త ఉండాలి. పాత పెయింట్లలో సీసం ఉండేది. మన దేశంలో ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పది లక్షల్లో 90 వంతులు మించకూడదని 2016లో నియమాలు చేశారు, 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చాయి. అంతకు ముందు వేసిన రంగులు మన తలుపుల మీద, గేట్ల మీద ఇంకా ఉన్నాయి. ఆ పొడి పిల్లలున్న ఇంట్లో రాలనివ్వకూడదు. గీకాక చేతులు కడుక్కోవాలి.

ఇన్ని చెప్పి, ఏ మరకైనా పోతుందని నేను అబద్ధమాడను. నెలల తరబడి బీరువాలో పెట్టిన, రెండుసార్లు ఇస్త్రీ పడిన ఎనామిల్ మరక చాలాసార్లు పోదు. రసాయనశాస్త్రం మంత్రం కాదు. ఏది సాధ్యమో చెప్పినట్టే, ఏది సాధ్యం కాదో కూడా చెప్పడమే దాని గొప్పతనం. ఆ రోజు తాత చెప్పింది కూడా అదే. "పోదు" అని నిజం చెప్పినవాడి కూలి కోసేవాళ్లు రేపు ల్యాబులో, ఆఫీసులో, పొలంలో నిజం చెప్పినవాళ్లను ఏం చేస్తారు? అందుకే ఈ చిన్న మరక నాకు పెద్దగా కనబడుతున్నది.

మరక పోకపోవడంలో కూడా సైన్సు ఉంది. 1856లో లండనులో విలియం పెర్కిన్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రవాడు మలేరియా మందు క్వినైన్ తయారుచేయాలని ఇంట్లో ప్రయోగాలు చేస్తుంటే, నల్లటి మడ్డి మిగిలింది. కడిగి పారేద్దామని ఆల్కహాల్ పోస్తే ఊదారంగు వచ్చింది. అది పట్టుగుడ్డకు అంటుకుంది, ఉతికినా పోలేదు. "ఛీ, మరక!" అని గుడ్డ పారేసి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. ఎందుకు పోలేదని ఆలోచించాడు కాబట్టి అది మావ్ అనే కృత్రిమ రంగు అయింది, ఒక పరిశ్రమకు పునాది అయింది. మనకు కావలసిన చోట నిలిచిన రంగును అద్దకం అంటాం, అక్కరలేని చోట నిలిచినదాన్ని మరక అంటాం. రెండింటి వెనకా ఒకే సైన్సుంది. మన శ్రీకాళహస్తి కలంకారీ పనివారు గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టేది కూడా రంగు పట్టాలని, గీత దాటి పాకకూడదని. పట్టించడం తెలిసిన జాతికి వదిలించడం తెలియదంటే సిగ్గుపడాలి.

ఆ పెర్కిన్ వయసుకి మనం రెండేళ్లు అటూ ఇటూగా ఉన్నాం. కొత్త రంగు కనిపెట్టమని నేను ఎవరినీ అడగడం లేదు. చేయగలిగిన నాలుగు పనులు మాత్రం విద్యార్థి సంఘం ముందు పెడుతున్నాను.

ఒకటి. గోడలకు, గేట్లకు రంగులు వేసే రోజుల్లో వేసుకోవడానికి పాత చొక్కాలు పోగుచేసి సంఘం గదిలో ఉంచుదాం. రంగు డబ్బాలకు పెట్టే ఖర్చులోనే ఒక సీసా టర్పెంటైన్, కాస్త దూది, స్పిరిటు కూడా కొందాం. పని అవగానే, రంగు తడి ఆరకముందే, ఎవరి మరక వాళ్లు తుడుచుకోవాలి.

రెండు. ఏడాదికి ఒక్క ప్రాక్టికల్ క్లాసు గుడ్డ మీద జరగాలని మన అధ్యాపకులను కోరుదాం. నాలుగు గుడ్డముక్కల మీద నాలుగు రకాల రంగులు ఆరబెట్టి, ఏది దేనికి లొంగుతుందో మనమే చూద్దాం. అయొడిన్ విలువ అంకె అప్పుడు జన్మలో మరిచిపోం.

మూడు. ఆ క్లాసుకు బట్టలుతికే తాతను పిలుద్దాం. బట్టలు ఇవ్వడానికి కాదు, పాఠం చెప్పడానికి. కుర్చీ వేసి కూర్చోబెడదాం. ఆయన చేతికి తెలిసినదానికి మన పుస్తకంలో ఉన్న పేరేమిటో మనం చెబుదాం. పుస్తకంలో లేనిది ఆయన చెబుతాడు.

నాలుగు. మరక పోలేదని ఎవరి కూలిలోనూ ఒక్క రూపాయి కోయకూడదని హాస్టలు కమిటీ తీర్మానం చేయాలి. ఇప్పటికే కోసినది తిరిగి ఇచ్చేయాలి.

వీటికి పెద్ద నిధులు అక్కరలేదు, ప్రభుత్వ ఉత్తర్వులు అక్కరలేదు. మనసుంటే వచ్చే నెలలో మొదలుపెట్టొచ్చు. పట్టా తీసుకుని ఊరికి పోయిన రోజున, "ఏం చదివినవ్ బిడ్డా?" అని అడిగే నాయనకు, కనుమనాడు ఎద్దు కొమ్ముల రంగు అంటిన ఆయన ధోవతిని ఎలా శుభ్రం చేయాలో చెప్పి, చేసి చూపించగలిగితే, మన డిగ్రీకి అంతకంటే మంచి పరీక్ష ఉండదు. మిత్రులు ఈ నాలుగు మాటలూ ఆలోచిస్తారని, మన సంఘం వీటిని వచ్చే సర్వసభ్య సమావేశంలో చర్చకు పెడుతుందని ఆశిస్తున్నాను.